సొంఠి గడప దాటని ఆదివారం

ఆ శనివారం పొద్దున్న హైమావతి నాలుగుకాళ్ళ మీద వంటింట్లోంచి హాల్లోకి వచ్చేసరికి, సోఫాలో కూర్చుని చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్న అత్తగారు వరహాలమ్మ రెండు కాళ్ళూ పైకి లాక్కుని బాసింపట్టు వేసుకుంది. కోడలు పాకుతూ వస్తుంటే దారికి అడ్డం ఉండకూడదని ఆవిడ మర్యాద.

హైమ మూతికి సన్నని తీగల బుట్ట ఒకటి బిగించి ఉంది. అందులోంచి రెండు గొట్టాలు ముక్కులోకి వెళ్ళాయి, ఒక పట్టీ నుదుటి మీదుగా తల వెనక్కి పోయింది. పరిశోధనశాల కాగితాల్లో దాని పేరు చాలా పొడుగు. దాన్ని మొదటిసారి చూసిన రోజు వరహాలమ్మ, "నూర్పుల్లో ఎడ్లు గడ్డి మెయ్యకండా మూతికి కడతాం, చిక్కం. అదే కదేటే ఇది?" అంది. ఆ పేరు పెదవాల్తేరులోని ఈ ఇంట్లోంచి ఋషికొండ అవతల ఉన్న పరిశోధనశాల దాకా పాకింది. ఇప్పుడు డైరెక్టరు మరియదాసు గారు కూడా చిక్కమనే అంటారు.

"ఏమైనా తగిలిందా?" అని గుమ్మం దగ్గర్నుంచి అడిగాడు హైమ భర్త జోగినాయుడు. ఆయన పోర్టులో టగ్గు ఇంజనీరు. ఎంత పెద్ద ఓడనైనా ఒడ్డుకు లాగించగలడు గానీ, ఇంట్లో చిక్కం బయటికి తీసిన రోజు మాత్రం కాస్త బెరుగ్గా ఉంటాడు.

"ఏమీ లేదండీ," అంది హైమ, సోఫా కింద తల పెట్టి.

జోగినాయుడు హమ్మయ్య అనుకున్నట్టు ఊపిరి వదిలాడు. ఎందుకో హైమకు అర్థం కాలేదు.

చిక్కం కట్టుకున్న మనిషికి ఒక గంటసేపు కుక్క ముక్కు వస్తుంది. తీగల బుట్ట గాలిని పట్టి, అందులో ఉన్న వాసనను ఎన్నో రెట్లు పెంచి ముక్కు లోపలి నరానికి అందిస్తుంది. దాన్ని తయారుచేసింది హైమే. మొదట్లో ఒకసారి ఇంట్లో కట్టుకుని, ఇదే సోఫా దగ్గర ఆగి, "అత్తయ్యా, మొన్న మీరు ఇక్కడ కూర్చుని ఏడ్చారా?" అని అడిగింది. వరహాలమ్మ నిజంగానే ఏడ్చింది, టీవీలో ఎవరి పెళ్ళో చెడిపోతే. ఆ రోజు నుంచి ఆవిడకు సింహాచలం అప్పన్న తరువాత అంత నమ్మకం కోడలి ముక్కు మీదే.

పరిశోధనశాలలో తర్ఫీదు ఇచ్చిన కుక్కపిల్లల్ని ఇళ్ళకు పంపేటప్పుడు ఒక నియమం ఉంది. పిల్ల అడుగుపెట్టే ముందు ఆ ఇంటివాళ్ళలో ఒకరు చిక్కం కట్టుకుని ఇల్లంతా పాకి రావాలి. కుక్కపిల్లకు ఏది నోరూరిస్తుందో, ఏది కొరికితే ప్రాణం మీదికి వస్తుందో నిలబడి చూస్తే తెలియదు. పాకితే, ఎలుకల మందు పెట్టి మరిచిపోయిన మూల దొరుకుతుంది, మంచం వెనక జారిపోయిన బీపీ మాత్ర దొరుకుతుంది. చిక్కం వస్తోందంటే ఇళ్ళల్లో రహస్యాలన్నీ ముందే సర్దుకునేవి. దాని దెబ్బకు ఒకాయన సిగరెట్లు మానేశాడు కూడా.

అయితే ఆ శనివారం హైమ పాకడం ఉత్త నాటకం. ఆమెకు ఏ వాసనా తెలియడం లేదు. ఆమె ముక్కు వానాకాలం మొదట్లోనే పోయింది.

చిక్కం విప్పాక ఒక పూట ముక్కు మొద్దుబారడం మామూలే, మర్నాటికి తేరుకుంటుంది. హైమ మాత్రం పరీక్షల పేరు చెప్పి ఏళ్ళ తరబడి కట్టుకుంది. నిజానికి పరీక్షల కోసం సగం, ఇష్టం కోసం సగం. సాయంత్రం కొండ మీద నిలబడితే సముద్రం మీద ఎక్కడో దూరంగా పడుతున్న వాన ముందే తెలిసేది. పోర్టు నుంచి వచ్చే భర్త వీధి మలుపు తిరగకముందే గ్రీజు, చెమట, జేబులో జీళ్ళు, అన్నీ విడివిడిగా ఇంట్లోకి వచ్చేసేవి. ఆ రుచి మరిగాక, గంట అయిందని చిక్కం విప్పడం ఎవరి తరం? ఒకరోజు విప్పాక ముక్కు తేరుకోలేదు. మర్నాడూ తేరుకోలేదు. మళ్ళీ చిక్కం కట్టుకుంటే ఫ్యాను గాలిలా చల్లగా ఏదో లోపలికి వెళ్ళింది, అంతే.

ఎవరికీ చెప్పలేదు. చెబితే చిక్కం ఆగిపోతుంది, ఇన్నేళ్ళ కష్టం అటకెక్కుతుంది. ఇంతమంది కట్టుకున్నారు, ఎవరికీ ఏమీ కాలేదు, నేనే అతిగా వాడాను, కాస్త ఆగితే అదే వస్తుంది అని రోజూ తనకు తాను చెప్పుకుంది. చెప్పుకునే కొద్దీ ఆ మాట మీద నమ్మకం తగ్గుతూ వచ్చింది.

పైగా ముక్కు లేకుండా వరహాలమ్మకు కోడలిగా ఉండడం మాటలా? ఆవిడ చేతి వంట మెచ్చుకోకపోతే ఆ పూట ఇంట్లో ఉరుములే. వాసనతో పాటే రుచి కూడా పోయింది. ఉప్పు, పులుపు, కారం మాత్రం నాలుక మీద మిగిలాయి. అందుకని హైమ వంటింట్లో అడుగుపెడుతూనే గిన్నె మూత తీసి, "అబ్బ, ఏం వాసన అత్తయ్యా! వీధి చివరిదాకా కొడుతోంది," అనడం అలవాటు చేసుకుంది. ఒకరోజు గిన్నెలోకి చూడకుండానే అలా మెచ్చుకుంది. లోపల ఎసరు కాగుతోంది. ఇంకా బియ్యం కూడా వెయ్యలేదు.

వరహాలమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుని చూసింది. "ఎసరుకే ఇంత మురిసిపోతే పులుసు పెట్టినప్పుడు ఏటైపోతావే?" అని పకపకా నవ్వింది. కోడలు మేలమాడుతోందనుకుంది. హైమ కూడా నవ్వింది. నవ్వి, పెరట్లోకి వెళ్ళి ఆరేసిన బట్టలనే మళ్ళీ కాసేపు ఆరేసింది.

అంతటితో సరిపోయి ఉంటే కుక్కపిల్ల ఊసే వచ్చేది కాదు. ఒక సాయంత్రం ఇంట్లో హైమ ఒక్కతే ఉంది. స్టవ్ మీద పాలు పొంగి మంట ఆరిపోయింది, గ్యాసు మాత్రం వస్తూనే ఉంది. ఆమె అదే వంటింట్లో కూర్చుని ఏదో చదువుకుంటోంది. దీపం పెట్టే వేళయిందని అగ్గిపెట్టె చేతిలోకి తీసుకుంది కూడా. పాలు ఏమయ్యాయో చూద్దామని వెనక్కి తిరిగింది గనక బతికింది. స్టవ్ కట్టేసి, కిటికీలన్నీ తెరిచి, వెళ్ళి వీధి మెట్ల మీద కూర్చుంది. అత్తగారు ఆ వేళకు గుడి నుంచి వస్తూ ఉండాలి, వచ్చి ఉంటే ఇద్దరూ పోయేవాళ్ళు.

మర్నాడే మరియదాసు గారి గదికి వెళ్ళి సొంఠి అనే కుక్కపిల్లను తనకివ్వమని అడిగింది.

సొంఠి ఆడపిల్ల. సొంఠికొమ్ము రంగు. ఒక చెవి నిలబడి ఉంటుంది, రెండోది ఇంకా ఏ సంగతీ తేల్చుకోలేక వాలి ఉంటుంది. తల్లి మధురవాడ వీధుల్లో తిరిగే ఊరకుక్క. గ్యాసు, పొగ, విషం, వీటిలో ఏది ముక్కుకు తగిలినా సొంఠి అక్కడే చతికిలబడి కుడి ముందుకాలు ఎత్తుతుంది. ప్రమాదం పోయేదాకా ఎంత బతిమాలినా ముందుకు కదలదు. హైమకు కావలసింది సరిగ్గా అలాంటి ముక్కే.

"నీకెందుకమ్మా కుక్క? నీ ముక్కు ముందు అదెంత?" అని నవ్వాడు మరియదాసు.

"ముచ్చట పడుతున్నాను సార్."

"సరే. నియమం నీకు తెలుసుగా, రాసింది నువ్వే. ఇల్లు చూసుకో, ఆదివారం ప్రార్థన అయ్యాక నేనే తీసుకొస్తాను."

ముక్కు లేని లోటు కళ్ళతో పూడ్చాలని హైమ ఆ వారమంతా కొంగు బిగించి ఇల్లు సర్దింది. వైర్లన్నీ గోడకు ఎత్తి కట్టింది. గేటు కింద సందుకు ఇనుప జాలీ కొట్టించింది. ఫినాయిలు, బట్టల సబ్బు, మందుల డబ్బా అటకెక్కాయి. చెప్పులు అలమరలోకి వెళ్ళాయి. ఉల్లిపాయలూ ద్రాక్షపళ్ళూ కూడా కుక్కకు పడవని తెలిసి జోగినాయుడు ఆశ్చర్యపోయాడు. పెరట్లో గన్నేరు దగ్గర మాత్రం పెద్ద గొడవే అయింది.

"శివుడికి పెట్టే పువ్వే అది. కుక్క కోసం శివుడికి పువ్వు మానీమంటావా?"

"ఆకు నమిలితే పిల్ల బతకదత్తయ్యా."

వరహాలమ్మ గన్నేరునూ కోడలినీ కాసేపు మార్చి మార్చి చూసింది. "సర్లే, కొట్టీ. శివుడితో నేను మాటాడుకుంటాను," అంది.

ఆ తరువాత ఉత్సాహంలో ఆవిడే అందరినీ మించిపోయింది. వాళ్ళ ఊరి వైపు, ఇంట్లోకి కొత్త ప్రాణి వస్తోందంటే, పసిబిడ్డయినా పెయ్యదూడయినా, ఇల్లంతా దులిపి పాతచీరల బొంత కుట్టిపెట్టడం ఆనవాయితీ. ఇనప్పెట్టె అడుగు నుంచి చీరలు తీసి మెత్తగా బొంత కుట్టింది. పాత జాకెట్టు గుడ్డలతో చిన్న చిన్న సంచులు కూడా ఏవో కుట్టుకుంది.

శనివారం పాకుతున్నప్పుడు హైమకు దివాన్ కాలికి కట్టిన ఎర్రగుడ్డ మూట ఒకటి కనిపించింది. తడిమితే లోపల గట్టిగా, గుండ్రంగా ఏవో తగిలాయి. అత్తగారు దిష్టికి పటిక కట్టారనుకుంది. అడగొచ్చు. కానీ మూతికి చిక్కం కట్టుకుని, "ఇందులో ఏముందత్తయ్యా?" అని అడిగే మనిషిని ఏమంటారు? కుక్కపిల్లకు అందకుండా కాస్త పైకి జరిపి కట్టి ముందుకు పాకింది. వరహాలమ్మ సోఫాలోంచి అది చూసి తృప్తిగా తల ఊపింది.

ఆ సాయంత్రం జోగినాయుడు హాలు మధ్యలో నిలబడి ముక్కు రుద్దుకున్నాడు. "హైమా, వాసన మరీ ఎక్కువైనట్టు లేదూ?"

వంటింట్లో తాలింపు చిటపటలు వినిపిస్తున్నాయి. హైమ తడుముకోకుండా, "ఇంట్లో ఆమాత్రం వాసన ఉండాలి లెండి. నాకు హాయిగా ఉంది," అంది.

జోగినాయుడు తల్లి వైపు చూశాడు. నేను చెప్పలేదా అన్నట్టు వరహాలమ్మ గరిటె ఊపింది.

అంతకుముందే మధ్యాహ్నం పరిశోధనశాలకు ఫోను చేసి, "ఇల్లంతా చిక్కంతో చూశాను సార్, అంతా బాగుంది," అని హైమ చెప్పేసింది.

*

ఆదివారం జీపు వచ్చింది. మరియదాసు తెల్లచొక్కా ఇస్త్రీ చెదరకుండా దిగి, సొంఠిని కింద వదిలాడు. సొంఠి గేటు జాలీని వాసన చూసి, మొక్కల కుండీలను పలకరించి, తోక ఊపుకుంటూ మెట్లెక్కింది. గుమ్మంలో వరహాలమ్మ పట్టుచీర కట్టుకుని హారతిపళ్ళెంతో సిద్ధంగా ఉంది.

గడప దగ్గర సొంఠి ఆగింది. ముక్కు గబగబా కదిలింది. రెండుసార్లు తుమ్మి, అక్కడే చతికిలబడి కుడికాలు ఎత్తింది.

"ఓలమ్మ, దండం పెడతందిరా నాయుడూ!" అని వరహాలమ్మ మురిసిపోయింది. "మడుసులకి లేదు ఈ బుద్ధి!"

మరియదాసు నవ్వలేదు. జేబురుమాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. "హైమా, ఏమిటమ్మా ఈ కలరా ఉండల వాసన? గేటు దగ్గర్నుంచే కళ్ళు మండుతున్నాయి."

"నేనే పెట్టినాను బాబూ," అంది వరహాలమ్మ గర్వంగా. "కొత్త పిల్ల వస్తాదని ఇల్లంతా శుభ్రం చేసీసాను. బొద్దింకా చీమా లేకండా మంచాల కిందా, బీరువాల ఎనకా మూటలు కట్టీసాను. దాని బొంతలో కూడా నాలుగు మూలలా పెట్టి కుట్టీసాను, పురుగు పట్టకండా."

"అమ్మా, ఈ పిల్ల పొద్దస్తమానం కొరికేది ఆ బొంతనే. ఒక్క ఉండ మింగితే చాలు..." మరియదాసు మాట పూర్తి చెయ్యకుండా సొంఠిని చంకనెత్తుకున్నాడు.

వరహాలమ్మ మొహం పాలిపోయింది. కానీ ఆవిడ నమ్మకం ఇంకా చెక్కుచెదరలేదు. "అదేటి బాబూ? నిన్న నా కోడలు చిక్కం కట్టుకుని ఇల్లంతా తిరిగింది. మూట చేత్తో పట్టుకుని చూసి, మళ్ళీ తనే గట్టిగా కట్టింది. దాని ముక్కుకి తప్పు కానిది మన ముక్కులకేటి తెలుస్తాది?"

అందరూ హైమ వైపు చూశారు. జలుబు చేసింది సార్, అనే మాట నాలుక చివరికి వచ్చింది. ఎంత తేలికైన మాట! కానీ మరియదాసు చంకలో ఉన్న సొంఠి ఆమె వైపే చూస్తోంది. ఎత్తిన కాలు ఇంకా దించలేదు. ఇవాళ ఆ చిన్న ముక్కు పసిగట్టకపోతే, ఈ ఇంట్లో, తన చేతుల మీదుగా ఆ ప్రాణం పోయేది.

"నాకు వాసన తెలియడం లేదు సార్," అంది హైమ. "ఇవాళా నిన్నా కాదు. వానలు మొదలైనప్పటి నుంచీ. చిక్కం వల్లే. నిన్న ఊరికే కట్టుకుని తిరిగాను."

ముందుగా తేరుకున్నవాడు జోగినాయుడు. "అయితే సోఫా కింద మసాలా పల్లీల పొట్లం..."

"ఏ పొట్లం?"

ఆయన నాలుక కరుచుకున్నాడు. బీపీ ఉందని డాక్టరు ఆయనకు ఉప్పు ముట్టుకోవద్దన్నాడు. "చూసి కూడా ఊరుకున్నావనుకున్నాను. ఎంత మంచిదానివో అని రాత్రంతా అనుకున్నాను," అని గొణిగాడు.

వరహాలమ్మ లెక్క వేరే ఉంది. "మరి నా నెత్తళ్ళ పులుసు? ఆహా ఓహో అన్నావు?"

హైమ తల దించుకుంది.

"మొన్న ఎసరు? అది మేలం కాదేటి?"

"కాదత్తయ్యా."

పళ్ళెంలో కర్పూరం కొండెక్కింది. వరహాలమ్మ పళ్ళెంతో సహా లోపలికి వెళ్ళిపోయింది. నాలుగు తిట్లు తిట్టినా బాగుండుననిపించింది హైమకు.

మరియదాసు గొంతులో కోపం లేదు, అలసట ఉంది. "ఇల్లు సిద్ధం కాలేదమ్మా. సొంఠిని ఇవ్వలేను. రేపు పెందలాడే రా, ఇచ్చిన చిక్కాలన్నీ వెనక్కి తెప్పిద్దాం."

జీపు మలుపు తిరిగేదాకా సొంఠి నిలబడిన చెవి కనిపిస్తూనే ఉంది.

*

సోమవారం హైమ తన చేతులతోనే చిక్కాలన్నీ తెప్పించి పరిశోధనశాల బీరువాలో పెట్టి తాళం వేసింది. తరువాత ఇంతవరకూ చిక్కం కట్టుకున్న ప్రతివాళ్ళకీ ఫోను చేసింది. వాళ్ళు ఫోను చెవిన పెట్టుకుని వంటిళ్ళలో తిరుగుతూ డబ్బాల మూతలు తీశారు. ఇంగువ తెలుస్తోందన్నారు, కాఫీపొడి తెలుస్తోందన్నారు. సీతమ్మధార నుంచి ఒకావిడ, "అవతలి వీధిలో బజ్జీలు వేస్తున్నారు, అది కూడా చెప్పాలా?" అని అడిగింది. ప్రతి ఫోనుకూ హైమ భుజాల మీద బరువు కొంచెం కొంచెం దిగుతూ వచ్చింది.

భీమిలిలో ఉన్న ఒక పెద్దాయన దగ్గర మాత్రం అలా జరగలేదు. ఆయనకు ఇంగువకూ కాఫీపొడికీ తేడా తెలియలేదు. కుక్కపిల్లను తీసుకున్నాక కూడా ఏదో వంకతో చిక్కం మళ్ళీ మళ్ళీ అడిగి తీసుకున్నాడట. "మా ఆవిడ శాలువా బీరువాలో ఉందమ్మా. ఊరికే వాసన చూస్తే బట్ట వాసనే వస్తుంది. నీ మిషను కట్టుకుంటే ఆవిడ వచ్చేది," అన్నాడు. ఆఖరిసారి తీసుకున్నది పోయిన నెలలో. హైమ వానాకాలంలోనే నోరు విప్పి ఉంటే ఆయన చేతికి చిక్కం వెళ్ళేదే కాదు.

ఆ మధ్యాహ్నమే భీమిలి వెళ్ళి, ఆయన్ని వెంటబెట్టుకుని ముక్కు డాక్టరు దగ్గరికి వెళ్ళింది. ఆయన నరం కొద్దిగానే అలిసింది, నెమ్మదిగా తేరుకుంటుందన్నాడు డాక్టరు. హైమ ముక్కు చూసి మాత్రం, "రావచ్చు, రాకపోవచ్చు," అన్నాడు. బయటికి వచ్చాక పెద్దాయన ఆమెను ఒక్క తిట్టు తిట్టలేదు. "పోనీలేమ్మా, నాకు రాగానే నీకు ఫోను చేస్తాను," అన్నాడు. బస్సులో కిటికీ పక్కన కూర్చుని హైమ సముద్రం వైపు తిరిగి ఏడ్చింది. చాలా నెలల తరువాత సుఖంగా ఏడ్చింది.

ఇంట్లో వరహాలమ్మ మూడురోజులు మాట్లాడలేదు. వండింది, వడ్డించింది, మొహం మాత్రం చూడలేదు. నాలుగోరోజు మధ్యాహ్నం హైమ కంచం ముందు కూర్చుంటే, ఆవిడ పీట లాక్కుని ఎదురుగా వచ్చి కూర్చుంది.

"ఇది మెంతి పులుసు," అంది కోపం పూర్తిగా పోని గొంతుతో. "మెంతులు మాడీ మాడకండా ఏపినాను. ముందు చేదు వాసన వస్తాది, ఎనకాల బెల్లం పాకం వాసన వస్తాది. ఇంట్లో పెళ్ళయిన మర్నాడు వస్తాదే, అలాగుంటాది. ఇప్పుడు తిను. తిని, బావుందో లేదో నిజం చెప్పు."

హైమ ముద్ద కలిపి తింది. పులుపు తెలిసింది, కారం తెలిసింది. పెళ్ళయిన మర్నాడు మాత్రం ఎక్కడినుంచి వచ్చిందో, కాగిన నెయ్యి, వాడిన బంతిపూలు, అన్నీ తలలో మెదిలాయి.

"ఉప్పు ఎక్కువైందత్తయ్యా," అంది.

వరహాలమ్మ తన వేలితో రుచి చూసింది. "అయింది," అని ఒప్పుకుని, ఫక్కున నవ్వింది. "ఇన్నాళ్ళూ ఎన్ని ఉప్పటి కూరలు మెచ్చీసుకున్నావే తల్లీ!"

శనివారం మళ్ళీ ఇల్లు పాకారు. ఈసారి చిక్కం లేదు. జోగినాయుడు మామూలు ముక్కుతో, మోకాళ్ళ కింద తువ్వాలు వేసుకుని పాకాడు. వరహాలమ్మకు మోకాళ్ళు వంగవు గనక పీట మీద కూర్చుని జరుగుతూ తిరిగింది. హైమ వాళ్ళు చెప్పినవి కాగితం మీద రాసుకుంటూ, చూపించిన చోటల్లా తుడిచింది. మూటలన్నీ ఎప్పుడో బయటికి పోయాయి, వారం నుంచి కిటికీలు తెరిచే ఉన్నాయి, బొంత ఊడదీసి ఉతికి ఎండలో వేసి మళ్ళీ కుట్టారు. అయినా వరహాలమ్మకు తృప్తి లేదు.

"అమ్మా, ఇక్కడింకా కొడతంది!" అని అరిచాడు జోగినాయుడు టీవీ బల్ల వెనక నుంచి.

"అది నీ సాక్సురా. ఎల్లి కాళ్ళు కడుక్కునిరా."

"ఈ మూల తడి వాసన హైమా. ఆ పక్కన ఇంగువ."

"ఇంగువేటి, నీ మొహం. వాము అది. నిరుడు నేనే ఒంపీసాను. రాసుకోకే హైమా, ఈడికి ఇంగువకీ వాముకీ తేడా తెలీదు, ఈడి ముక్కు కూడా డాక్టరుకి చూపించు."

హైమ గోడకు ఆనుకుని నవ్వుతూనే ఉండిపోయింది. తన ఇల్లు ఇలా ఉంటుందని ఆమెకు చిక్కం కూడా ఇంత బాగా చెప్పలేదు.

*

ఆదివారం జీపు మళ్ళీ వచ్చింది. సొంఠి గేటును, కుండీలను పలకరించి మెట్లెక్కింది. గడప దగ్గర ఆగింది. ముక్కు కదిలింది. వరహాలమ్మ హారతిపళ్ళెం పట్టుకుని ఊపిరి బిగబట్టింది, జోగినాయుడు తలుపు రెక్కను గట్టిగా పట్టుకున్నాడు. హైమ మెట్ల కింద మరియదాసు పక్కన నిలబడి, ఆ కుడికాలి కేసే చూస్తోంది.

సొంఠి కుడికాలు ఎత్తింది.

హైమ కళ్ళు మూసుకుంది.

"కుడికాలే!" అని కేక పెట్టింది వరహాలమ్మ. "కుడికాలే ముందు పెట్టిందే, నా తల్లే!"

కళ్ళు తెరిచేసరికి సొంఠి గడప దాటేసింది. హాల్లో ఒక చుట్టు తిరిగింది, బొంతను పంటితో పట్టి ఒకసారి లాగి చూసింది, తరువాత తిన్నగా పుస్తకాల అలమర వెనక్కి దూరి మసాలా పల్లీల పొట్లం ఒకటి ఈడ్చుకుంటూ వచ్చి హైమ కాళ్ళ దగ్గర పెట్టింది. జోగినాయుడు ఆ పొట్లం ఎవరిదో తనకేమీ తెలియనట్టు ఫ్యాను వైపు చూశాడు. మరియదాసు నవ్విన నవ్వుకు ఇస్త్రీ చొక్కా నలిగిపోయింది.

భోజనాల వేళకు అందరూ సర్దుకున్నారు. సొంఠి వంటింటి గుమ్మంలో బొంత మీద వెల్లకిలా పడి నిద్రపోతోంది. అంటే లోపల గ్యాసు లేదు, పొగ లేదు, భయం లేదు. హైమ స్టవ్ దగ్గరికి వెళ్ళి, అలవాటు చొప్పున గిన్నె మూత తీసింది. మెచ్చుకోలు నోటి దాకా వచ్చి ఆగింది.

"అత్తయ్యా, ఇది ఏం వాసన?"

వరహాలమ్మ చేతిలో పని ఆపి వచ్చింది. గిన్నె మీదికి వంగి, కళ్ళు మూసుకుని గట్టిగా పీల్చింది. ఆవిరికి కళ్ళజోడు మసకబారింది. ఏమీ దొరకనట్టు మళ్ళీ పీల్చింది.

"ఎసరేనే," అంది కోడలి భుజం మీద చెయ్యి వేసి. "దీనికి వాసనేటి ఉంటాది? నీకెంతో నాకూ అంతే."